ఆరో నెల గర్భిణికి ఎక్స్‌రే లేకుండా ఎకో చూస్తూ పేస్‌మేకర్ పెడతామంటున్నారు, ఎవరికైనా అనుభవం ఉందా? (బెంగళూరు)

హిందూపురం_తమ్ముడు

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అక్కకి 27 ఏళ్ళు, మొదటి కాన్పు, డాక్టర్ల లెక్కలో ఇప్పుడు 24 వారాలు. మాది హిందూపురం, బావ ఉద్యోగం బెంగళూరులో కాబట్టి ఇద్దరూ కాడుగోడిలో ఉంటున్నారు. అక్కకి చిన్నప్పటి నుంచీ నాడి నెమ్మదే, స్కూల్లో హెల్త్ క్యాంపు పెట్టినప్పుడు ఒకాయన చెయ్యి పట్టుకుని చూసి "ఏమ్మా, బాగా పరిగెత్తుతావా" అని నవ్వి పంపించేశాడట, ఆ తర్వాత మేమెవరం పట్టించుకోలేదు. పోయిన నెల బస్టాపులో ఒకసారి కళ్ళు తిరిగి కూలబడింది, గర్భిణికి మామూలేలే అనుకున్నాం. పది రోజుల క్రితం వంటింట్లో పాలు కాస్తూ నిలువునా పడిపోయింది. పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాస్ వాసన వస్తే పక్కింటావిడ తలుపు కొట్టింది, లేకపోతే ఏమయ్యేదో.

ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే నాడి 38. కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల సిగ్నల్ కింది గదులకి అసలు చేరకపోవడం) అన్నారు, బహుశా పుట్టుకతోనే ఉండి ఉంటుందన్నారు. ఒక రోజంతా హోల్టర్ (ఒంటికి కట్టుకుని తిరిగే చిన్న ఈసీజీ మెషీన్) కట్టి చూస్తే రాత్రి నిద్రలో నాలుగు సెకన్ల పైన గుండె ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఈ వారంలోనే పేస్‌మేకర్ పెట్టాలంటున్నారు. మామూలుగా ఎక్స్‌రే చూస్తూ పెడతారట, కడుపులో బిడ్డ ఉంది కాబట్టి ఎకో చూస్తూ పెడతాం, మరీ తప్పకపోతే కొన్ని సెకన్లు ఎక్స్‌రే వాడతాం అన్నారు.

నా అనుమానం ఏంటంటే, ఎకో అంటే ఛాతీ మీద జెల్ రాసి చూసేదే కదా, ఆ మసక బొమ్మలో వైరు ఎటు పోతోందో నిజంగా కనబడుతుందా? ఎక్కడైనా గుచ్చుకుంటే? అక్క వాళ్ళ అత్తగారేమో కాన్పు అయ్యాక పెట్టించుకోవచ్చు, ఈ మూడు నెలలు మంచం దిగకుండా నేను చూసుకుంటా అంటున్నారు. ఆవిడ చెడ్డగా ఏమీ అనట్లేదు, భయం అంతే. బావ ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. అమ్మ ఊరి నుంచి వచ్చింది కానీ మాట్లాడట్లేదు. నాకు నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

రాత్రి_డ్యూటీ

కార్డియాలజీ చదువుతున్నాను, బెంగళూరులోనే. మీ అక్క కాగితాలు నేను చూడలేదు కాబట్టి ఆఖరి మాట వాళ్ళ డాక్టర్లదే, అది మనసులో పెట్టుకుని చదవండి.

ముందు అత్తగారి సంగతి. ఆవిడ మాటలో కొంత నిజం ఉంది. పుట్టుకతో బ్లాక్ ఉన్న గర్భిణులందరికీ పేస్‌మేకర్ పెట్టరు. ఒక్కసారి కూడా పడిపోకుండా, నాడి యాభై పైన ఉండి, ఈసీజీలో బీట్ సన్నగా ఉంటే కనిపెట్టుకుని ఉండి, నొప్పుల సమయానికి తాత్కాలిక పేస్‌మేకర్ సిద్ధంగా పెట్టుకుని కాన్పు చేసేస్తారు. కానీ మీ అక్క రెండుసార్లు పడిపోయింది, నాడి 38, పైగా నాలుగు సెకన్లు ఆగింది నిద్రలో అంటున్నారు. అంటే మంచం మీదే ఉన్నప్పుడు. మంచం దిగకపోతే చాలు అన్న వాదన అక్కడే పోయింది కదా.

ఇంకోటి, గర్భిణి ఒంట్లో రక్తం చాలా పెరుగుతుంది, గుండె పంపే రక్తం ముప్ఫై నుంచి యాభై శాతం దాకా ఎక్కువ అవ్వాలి. మామూలు మనిషికి నాడి నిమిషానికి పది ఇరవై పెరిగి సర్దుకుంటుంది. మీ అక్కకి పై గదుల నుంచి వచ్చే సిగ్నల్ కింది గదులకి చేరట్లేదు, కింది గదులు వాటంతట అవే ఏదో నడిపిస్తున్నాయి, వాటికి వేగం పెంచడం పెద్దగా రాదు. రోజులు గడిచేకొద్దీ బరువు పెరుగుతుంది, అన్నిటికన్నా ఎక్కువ బరువు పడేది కాన్పు సమయంలో, ఆ వెంటనే.

ఎక్స్‌రే గురించి. జనం భయపడేంత లేదు, అలాగని నిర్లక్ష్యమూ కాదు. బిడ్డ అవయవాలు ఏర్పడే మొదటి రెండు మూడు నెలలు దాటిపోయాయి, అది మొదటి ఊరట. 50 మిల్లీగ్రే (ఒంట్లోకి చేరే రేడియేషన్‌ని కొలిచే లెక్క) లోపు మోతాదుతో బిడ్డకి అవయవలోపాలు వచ్చినట్టు ఆధారం లేదని ప్రసూతి వైద్యులు లెక్క చెబుతారు. ఛాతీ దగ్గర ఎక్స్‌రే వాడితే కడుపు దాకా చేరేది మామూలుగా ఒక మిల్లీగ్రే కూడా ఉండదు. పొట్ట మీద సీసపు ఏప్రన్ కప్పుతారు, మంచిదే, కానీ ఒంటి లోపల్నుంచి చెదిరి వెళ్ళేదాన్ని అది ఆపలేదు. అందుకే అసలు వాడకమే తగ్గించడం మేలు, ఎకో వచ్చేది అక్కడే. 2018లో యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ గర్భిణుల గుండె జబ్బుల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఎకో చూస్తూ పెట్టే పద్ధతి ఉంది, ఎనిమిది వారాలు దాటాక మరీ మంచిదని. మీ డాక్టర్లు కొత్తగా కనిపెట్టిన ప్రయోగం కాదు.

మాటంటే_మాట

అన్నీ పుస్తకాల్లో బాగానే ఉంటాయి. మా నాన్నకి మూడేళ్ళ క్రితం మా ఊరికి దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో అర్ధరాత్రి ఎక్స్‌రే మెషీన్ పని చేయట్లేదని మెడ దగ్గర్నుంచి గుడ్డిగా వైరు పెట్టారు. తెల్లారేసరికి జారిపోయింది. మళ్ళీ నాడి పడిపోయి, అంబులెన్సులో చెన్నై తీసుకెళ్ళేదాకా మా ప్రాణాలు మా దగ్గర లేవు. ఎక్స్‌రే లేకుండా గుండెలో వైరు అంటే నేనైతే ఒప్పుకోను బ్రో. ఒకటికి రెండు చోట్ల అడగండి.

రాత్రి_డ్యూటీ

@మాటంటే_మాట మీ నాన్నగారికి జరిగింది బాధాకరం. కాకపోతే రెండూ వేరు. అది తాత్కాలిక వైరు, కొసన పట్టు ఏమీ ఉండదు, గుండె గోడకి ఆనుకుని ఉంటుందంతే, మనిషి గట్టిగా పక్కకి తిరిగినా జారొచ్చు, ఎక్స్‌రేలో చూస్తూ పెట్టినవి కూడా జారతాయి. శాశ్వతంగా పెట్టే వైరుకి ఇప్పుడు ఎక్కువగా కొసన చిన్న మరలాంటిది ఉంటుంది, దాన్ని గుండె కండలోకి తిప్పి బిగిస్తారు. ఇంకో తేడా, మీ నాన్నగారికి పెట్టింది ఏమీ చూడకుండా. ఆ రాత్రి మంచం పక్కన ఎకో మెషీన్ పెట్టి చూసి ఉంటే వైరు ఎక్కడ ఆనిందో కొంతైనా తెలిసేది. రెండో చోట అడగమన్న మాట మాత్రం సబబే.

ఎకోగది_నెల్లూరు

నేను చెన్నైలో ఎకో టెక్నీషియన్‌ని, సొంతూరు నెల్లూరు, పదకొండేళ్ళుగా ఇదే పని. ఇలాంటి కేసులు రోజూ రావు, నేను పట్టుకున్నవి వేళ్ళ మీద లెక్క. డాక్టర్ గారు చెప్పాల్సింది చెప్పారు, నేను ప్రోబ్ (ఛాతీ మీద ఆనించి చూసే ఎకో పరికరం) పట్టుకునే వైపు నుంచి చెబుతాను.

వైరు కనబడుతుందా అన్నారు. కనబడుతుంది, బ్రహ్మాండంగా మెరుస్తుంది. చిక్కు అది కాదు. ఎక్స్‌రేలో వైరు భుజం నుంచి గుండె దాకా మొత్తం ఒకేసారి కనబడుతుంది. ఎకోలో మాకు కనబడేది ఒక పొర మాత్రమే. కంచె సందులోంచి పాము కనబడిందనుకోండి, అది తలో నడుమో ఎలా చెబుతారు? అలాగే ఆ పొరలో తెల్లగా మెరిసిన చుక్క వైరు కొసే కావచ్చు, మధ్యలో ఏ వంపో కావచ్చు, వైరు అవతలికి పోయి గోడని పొడుస్తుంటే నేను నడుము చూస్తూ "సార్, కొస ఇదే" అంటే కొంప మునిగినట్టే. అందుకని ప్రోబ్‌ని కొద్ది కొద్దిగా తిప్పుతూ, వాల్చుతూ, వైరు ఎక్కడ ఆగిపోయి ఇంక ముందుకి లేదో అక్కడిదాకా వెంట వెళ్ళాలి. వైరుని కాస్త వెనక్కి లాగమంటే, లాగినప్పుడు ఆ చుక్క మాయమై నల్లగా అయితే కొస, ఇంకా మెరుస్తూనే ఉంటే నడుము. అది తేలేదాకా డాక్టరు చెయ్యి ఆపి ఉంచాలి. పని అంతా ఈ ఇద్దరి మాట మీద నడుస్తుంది.

చోటు గొడవ ఇంకోటి. పేస్‌మేకర్ పెట్టేది మామూలుగా ఎడమ భుజం కింద. గుండె బాగా కనబడే కిటికీ కూడా ఎడమ రొమ్ము కిందే. డాక్టరు అక్కడ, నేనూ అక్కడే, మధ్యలో శుభ్రమైన గుడ్డలు, ప్రోబ్‌కి తొడిగిన స్టెరైల్ కవరు. డాక్టరుకి లైటు కావాలి, నాకు చీకటి కావాలి. పొట్ట పైభాగం నుంచి, ఛాతీ ఎముక కింద ప్రోబ్ పెట్టి చూసే దారి మామూలు మనుషుల్లో చాలా బాగుంటుంది, ఆరో నెలలో కడుపు పైకి వచ్చి ఉంటుంది కాబట్టి ఒక్కోసారి దొరకదు. పైగా ఆమెని వెల్లకిలా చాలాసేపు పడుకోబెట్టకూడదు, గర్భసంచి బరువు వెనక పెద్ద సిర మీద పడి బీపీ పడిపోతుంది, అందుకని కుడి నడుము కింద దిండు పెట్టి ఎడమకి కొంచెం వాల్చి ఉంచుతారు. మీ అక్కకి అది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కదులుతుంది పాపం.

వైరు వెళ్ళే దారి: భుజం దగ్గర సిర, అక్కణ్ణుంచి గుండెకి దిగే పెద్ద సిర, కుడి పై గది, మధ్యలో వాల్వు, కుడి కింది గది. వాల్వు దాటడం మాకు చక్కగా కనబడుతుంది. కొస గోడకి ఆనాక మర తిప్పుతారు, తర్వాత నెమ్మదిగా లాగి చూస్తారు, అప్పుడు వైరుతో పాటు గోడ కూడా కొద్దిగా ముందుకొచ్చినట్టు కదిలితే పట్టుకుందని అర్థం. నాకు ఈ పనిలో బాగా నచ్చే క్షణం అదే. తర్వాత మెషీన్ పెట్టి కరెంటు పరీక్షలు చేస్తారు, ఒక వోల్టు లోపే గుండె పలికితే సంతోషం. ఈసీజీలో బీట్ ఆకారం కూడా వైరు కుడివైపే ఉందా లేదా అన్నది చెబుతుంది. అంటే ఎకో ఒక్కదాని మీద ఆధారపడి చేసే పని కాదు.

గుచ్చుకుంటే అన్నారు కదా. ఎక్కడ పెట్టినా, ఎలా పెట్టినా ఆ ప్రమాదం కొద్దిగా ఉంటుంది. ఎకోలో లాభం ఏంటంటే గుండె చుట్టూ నీరు గానీ రక్తం గానీ చేరితే అక్కడికక్కడే కనబడుతుంది. అందుకే మొదలుపెట్టే ముందే ఒకసారి చూసి రాసి పెట్టుకుంటాం, ఎందుకంటే గర్భిణుల్లో కొందరికి గుండె చుట్టూ కొద్దిగా నీరు మామూలుగానే ఉంటుంది. ముందు చూడకపోతే తర్వాత అది మన పనేనేమో అని అందరికీ చెమటలు పడతాయి.

ఎకోకి చేతకానిది ఒకటుంది, వైరు గుండె లోపల ఎంత వదులుగా వదిలారో సరిగ్గా తెలియదు. మరీ బిగువైతే లాగేస్తుంది, మరీ వదులైతే మెలిక పడుతుంది. అది ఎక్స్‌రేలో ఒక్క చూపులో తెలుస్తుంది. కాబట్టి మీరు అడగాల్సింది ఎక్స్‌రే వాడతారా అని కాదు, ప్రోబ్ పట్టుకునేది ఎవరు, వాళ్ళు ఇంతకుముందు పట్టుకున్నారా, ఎకో సరిగ్గా కనబడకపోతే ఆ గదిలోనే ఎక్స్‌రే సిద్ధంగా ఉంటుందా అని.

ఒక పిట్టకథ. మా గది బయట గర్భంలో బిడ్డ ఆడా మగా చెప్పడం నేరం అని బోర్డు ఉంటుంది. గుండె చూపించుకోవడానికి వచ్చిన గర్భిణుల వెంట వచ్చే పెద్దవాళ్ళలో కొందరు ఇప్పటికీ గుసగుసగా అడుగుతారు. అమ్మా, నేను చూసేది తల్లి గుండెని, బిడ్డని కాదు అంటే నమ్మరు. మీ వాళ్ళకి కూడా ఆ తేడా చెప్పండి, ఈ ఎకో బిడ్డ స్కాన్ కాదు.

తిరుత్తణి_కోడలు

మీ పోస్టు చదివి లాగిన్ అయ్యాను. నాకు ఐదో నెలలో పెట్టారు, చెన్నైలో, మా బాబుకి ఇప్పుడు మూడేళ్ళు. మత్తు ఇవ్వలేదు, భుజం దగ్గర తిమ్మిరెక్కడానికి ఇంజెక్షన్ మాత్రమే. నొప్పి కంటే ఆ గుడ్డలన్నీ మొహం మీద కప్పి ఉంచడం, వాళ్ళు మాట్లాడుకునేవి వినబడటం, అదే కష్టం. "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగండి సార్" అని ఒకావిడ గొంతు వినబడుతూనే ఉంది. ఎకో పట్టుకున్నావిడ అని ఇప్పుడు ఎకోగది గారి పోస్టు చదివితే అర్థమైంది.

కాన్పు నార్మలే అయింది. పేస్‌మేకర్ ఉందని మాత్రమే సిజేరియన్ అక్కర్లేదన్నారు. ఒకవేళ ఆపరేషన్ అయితే రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం విషయంలో జాగ్రత్త తీసుకోవాలట, గైనకాలజీ వాళ్ళకీ మత్తు డాక్టరుకీ ముందే కార్డు చూపించండి. ఎడమ చెయ్యి నెల పైన భుజం దాటి ఎత్తొద్దన్నారు, జడ వేసుకోలేక మా అత్తగారు వేసేవారు. జాకెట్టు భుజం అంచు సరిగ్గా కుట్టు మీదకి వస్తుంది, మీ అక్కకి ముందే నాలుగు వదులు నైటీలు కొని పెట్టండి. బాబుకి పాలివ్వడానికి ఇబ్బంది లేదు, ఎడమవైపు తల ఆనినప్పుడు మొదట్లో భయపడేదాన్ని అంతే.

నాకు ఒకటే వైరు పెట్టారు. మొదటి నెలల్లో అప్పుడప్పుడు మెడలో దడదడమనేది, చెబితే సెట్టింగులు కొంచెం మార్చారు, తగ్గింది.

రాత్రి_డ్యూటీ

మెడలో దడ గురించి అడిగేవాళ్ళ కోసం: ఒకటే వైరు కింది గదిలో ఉంటే పై గది, కింది గది ఒక్కోసారి ఒకేసారి ముడుచుకుంటాయి, అప్పుడు రక్తం మెడ సిరల్లోకి ఎదురు తన్నుతుంది. చిన్న వయసు వాళ్ళకి మామూలుగా రెండు వైర్లు ఇష్టపడతాం. కానీ పై గదిలో వైరు కొసని ఛాతీ మీది ఎకోతో పట్టుకోవడం కష్టం, సమయం కూడా పెరుగుతుంది, అందుకే గర్భిణికి చాలాసార్లు ఒకటితో సరిపెడతారు. మీ డాక్టర్లని ఒకటా రెండా, ఎందుకు అని అడగండి, అడిగితే ఏమీ అనుకోరు.

ఇంకో సరదా విషయం, రాత్రి డ్యూటీలో టైం ఉంది కాబట్టి. గుండెని అల్ట్రాసౌండ్‌తో మొదట చూసింది 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు. ఒంట్లో పూర్తిగా అమర్చిన మొదటి పేస్‌మేకర్ కూడా స్వీడన్‌లోనే, 1958లో స్టాక్‌హోమ్ దగ్గర. ఆ మొదటిది కొన్ని గంటలకే చెడిపోయింది, ఇంకోటి పెట్టారు. పెట్టించుకున్న ఆర్నె లార్సన్ అనే ఆయన జీవితంలో 26 పేస్‌మేకర్లు మార్చుకుని 2001 దాకా బతికాడు, తయారుచేసిన ఇంజినీరు కంటే, పెట్టిన సర్జన్ కంటే ఎక్కువ కాలం. మీ అమ్మగారికి ఇది చెప్పండి, కొంచెం నవ్వుతారేమో.

హిందూపురం_తమ్ముడు

ఐదు రోజులు కనబడలేదు, సారీ. పెట్టేశారు, అక్క బాగుంది. మీరందరూ రాసింది బావకి చదివి వినిపించాను, అత్తగారికి "ఆగింది నిద్రలోనే" అన్న ముక్క చెప్పగానే ఆవిడే "అయితే రేపే చేయించండి" అన్నారు, ఇంకో మాట లేదు.

ఎకోగది గారూ, మీరు చెప్పిన ప్రశ్నలే డాక్టరుని అడిగాను. ఆయన కొంచెం ఆశ్చర్యపోయి, ప్రోబ్ పట్టుకోబోయే మేడమ్‌ని పిలిచి పరిచయం చేశారు. తర్వాత బయటికొచ్చి జరిగింది ఆవిడే చెప్పారు. మొదట గైడ్ వైరు లోపలికి బాగానే పోతోందట, కానీ గుండెలో ఎంతసేపు చూసినా కనబడదు. మేడమ్ ప్రోబ్ మార్చి మెడ మీద పెట్టి చూస్తే వైరు కిందికి దిగకుండా మెడ సిరలోకి ఎక్కి కూర్చుంది. వెనక్కి లాగి మళ్ళీ పంపారు. తర్వాత అంతా ఎకోలోనే, చివర్లో వదులు చూసుకోవడానికి మాత్రం ఎక్స్‌రే, మొత్తం కలిపి ఆరు సెకన్లు అన్నారు. ఒకటే వైరు. మొత్తం రెండు గంటల దాకా పట్టింది. లోపల ఒక సిస్టర్ "ఏనూ ఆగల్ల అక్కా, ఏనూ ఆగల్ల" (ఏమీ కాదక్కా) అని చెయ్యి పట్టుకునే ఉందట, అక్కకి కన్నడం సరిగ్గా రాదు కానీ ఆ మాట ఇప్పుడు ఇంట్లో అందరికీ అలవాటైంది.

అదయ్యాక బిడ్డ గుండె చప్పుడు వినిపించారు, నిమిషానికి 144. అక్కది 60. అమ్మ ఆ రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాసుకుంది. పేస్‌మేకర్ కార్డు ఇచ్చారు, అది చిన్నగా, పలచగా ఉంది, లామినేషన్ చేయించవచ్చా?

ఎకోగది_నెల్లూరు

చాలా సంతోషం బాబూ. మెడ మీద ప్రోబ్ పెట్టి చూడాలని తట్టిందంటే ఆ మేడమ్ పని తెలిసిన మనిషి. లామినేషన్ చేయించుకోవచ్చు, కానీ ముందు రెండు వైపులా ఫోటో తీసి అక్క ఫోన్లో, బావ ఫోన్లో పెట్టండి. చెక్ చేయించుకోవడానికి పిలిచిన తేదీ తప్పించకండి, మొదటి వారాల్లోనే వైరు కదిలే అవకాశం ఎక్కువ.

తిరుత్తణి_కోడలు

ఫోన్ మాత్రం ఎడమ జాకెట్టులో పెట్టుకోవద్దని చెప్పండి. నాకు ఆ అలవాటు మానడానికి ఆర్నెల్లు పట్టింది.